మంచి చేతికి కట్టు

నాగప్ప పటేల్ తన గ్లౌజును రూతమ్మకు ఇచ్చేశాడని తెలిసిన రోజు గట్టు ఊరి బస్టాండులో నిలబడి నేను విజయ్‌ను తిట్టిన తిట్లు, అక్కడ మిర్చి బజ్జీలు తింటున్న వాళ్లకు చాలాకాలం గుర్తుండి ఉంటాయి. విజయ్ మా గద్వాల కేంద్రంలో ఫిజియోథెరపిస్టు. వనపర్తి పిల్లవాడు, నోట్లో నాలుక లేని మనిషి. తిడుతున్నంతసేపూ తల వంచుకుని విన్నాడు. చివర్న, పాపం వాళ్లకు అది తప్పని తెలియదు మేడం అన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. వాళ్లకు తెలియకపోవడానికి కారణం ఈ మహానుభావుడే.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. రెండు వేల ఏడులో హైదరాబాదు నుంచి ఒక పరిశోధన మా పాలమూరు జిల్లాకు వచ్చింది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయిన వాళ్లకు ఆ చేతిని తిరిగి పనిలోకి తేవడం ఎలా అన్నది దాని విషయం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మూడూళ్లలో మూడు కేంద్రాలు పెట్టారు. ఆ మూడింటినీ ఒక్క తాటి మీద నడిపించే ఉద్యోగం నాది. పేరుకు కోఆర్డినేటర్. చేసేది మటుకు బస్సులెక్కడం, దిగడం, అరవడం. గద్వాలలో కొలిచినట్టే నాగర్‌కర్నూల్‌లోనూ కొలుస్తున్నారా, వనపర్తిలో చేయించే కసరత్తే మిగతా రెండు చోట్లా చేయిస్తున్నారా, మధ్యలో ఎవరైనా సొంత తెలివి కలుపుతున్నారా, ఇవన్నీ చూసుకోవాలి. మూడు చోట్లా ఒకే తీరుగా జరగకపోతే చివర్లో తేలేది ఎందుకూ కొరగాదు. మాది కోడేరు. ఆడపిల్ల గొంతు వాకిలి దాటకూడదని మా నాయనమ్మ నన్ను పోరుతూ ఉండేది. ఈ ఉద్యోగంలో చేరాక నా గొంతు మూడు తాలూకాలు దాటింది.

ఇందులో వింత ఏమిటంటే, కట్టు పడిపోయిన చేతికి కాదు, బాగున్న చేతికి. పక్షవాతం వచ్చిన మనిషి మొదట్లో పడిపోయిన చేత్తో ఏదో చేయబోతాడు, పని కాదు. రెండో చెయ్యి ఎలాగూ ఉంది కదా అని దాంతో కానిచ్చేస్తాడు. కొన్నాళ్లకు మెదడు కూడా ఆ పడిపోయిన చేతిని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకని బాగున్న చేతికి మందపాటి సంచిలాంటి గ్లౌజు తొడిగి, దాన్ని ఎందుకూ పనికిరాకుండా చేస్తే, గత్యంతరం లేక రెండోది కదులుతుందని ఆశ. వేళ్లు కాస్తయినా కదిలేవాళ్లనే తీసుకున్నాం. వాళ్లలో సగంమందికి గ్లౌజు, సగంమందికి మామూలు కసరత్తు. ఎవరికి ఏదన్నది హైదరాబాదులో లాటరీ తీసి చెబుతారు. అది డాక్టరు చేతిలో లేదు, నా చేతిలో లేదు, రోగి చేతిలో అసలే లేదు. గ్లౌజు నిజంగా పనిచేస్తుందో లేదో అప్పటికి మాకూ తెలియదు, అందుకే ఆ పద్ధతి. ఏడాది తర్వాత పనిచేస్తుందని తేలితే మిగతా సగానికీ ఇస్తాం.

ఈ సంగతి గట్టు జనానికి అర్థమయ్యేలా చెప్పమని విజయ్‌కు అప్పగించాను. చెప్పాడు. నీళ్ల వంతు లాంటిదని చెప్పాడు. ఒక బోరు కింద నలుగురి చేన్లుంటే అందరికీ ఒకేసారి పారవు కదా, ఇప్పుడు కొందరికి, వచ్చే ఏడు మిగతావాళ్లకు అన్నాడట. అందరూ తలలూపారట. ఎందుకు ఊపరు? ఆ ఎండు నేలలో నీళ్ల వంతు తెలియని మనిషి ఉంటాడా? కాని వంతుకు ఇంకో ధర్మం ఉంది. నా చేను తడిసి ఉండి నీ చేను ఎండుతుంటే, ఆ రోజు నా వంతు నువ్వు పారించుకోవచ్చు. అడిగినా ఇవ్వనివాణ్ణి ఊళ్లో మనిషిగా చూడరు. వంతు మార్చుకోవడం అక్కడ తప్పు కాదు, మార్చుకోనంటేనే తప్పు.

లాటరీలో నాగప్పకు గ్లౌజు వచ్చింది, రూతమ్మకు మామూలు కసరత్తు వచ్చింది. ఇద్దరూ వంతు మార్చుకున్నారు.

నాగప్ప పటేల్‌కు అరవై ఏళ్లుంటాయి. ఊళ్లో పెద్ద రైతు, సొంత బోర్లున్న రైతు, సీడు పత్తి వేసే రైతు. కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేతికి గ్లౌజు తొడిగేసరికి తిండి, పంచె, చుట్ట అన్నీ కష్టమైపోయాయి. పనివాళ్ల కళ్ల ముందు మీసాలకు మజ్జిగ పూసుకుంటూ వంకర చేత్తో తినడం ఆయన వల్ల కాలేదు. మావాళ్లు వచ్చే రోజు తొడుక్కునేవాడు, వాళ్లు సందు మలుపు తిరగ్గానే పీకేసేవాడు. ఎవరైనా గట్టిగా చెబితే "సాకు, సాకు" అని కన్నడంలో విసుక్కునేవాడు, చాలు చాలని. పొలిమేర దాటితే రాయచూరు వైపే కాబట్టి ఆ ఊళ్లో విసుగు సగం కన్నడంలోనే వస్తుంది.

రూతమ్మ ఆయన చేన్లో క్రాసింగుకు పోయే కూలిమనిషి. సీడు పత్తి తెలియనివాళ్లకు ఆ పని చెప్పాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ, లోపలి పుప్పొడీ మొత్తం వలిచెయ్యాలి. నడిమి కాడకు మాత్రం గీత పడకూడదు. తెల్లారి మగపువ్వు తెచ్చి ఆ కాడకు పుప్పొడి అద్దాలి, అదీ ఎండ ముదరకముందే. శ్రావణం నుంచి దసరా దాకా గద్వాల వైపు చేన్లలో ఇదే పని. గోరు చురుకైన ఆడవాళ్లకు అప్పుడు ఎక్కడలేని గిరాకీ. రూతమ్మ వస్తానంటేనే గుంపులో చేరతామనే ఆడవాళ్లు ఉండేవారు. అలాంటి మనిషికి నలభై దాటీ దాటకముందే, కిందటి చలికాలంలో, పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే కుడివైపు పడిపోయింది. కాలు తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. శ్రావణానికి గుంపు కడతారు. అందులో లేని మనిషి ఆ ఏడుకు లేనట్టే, మరుసటి ఏటికి ఆ చోటు ఇంకొకరిది. ఆమెకు కావలసింది శ్రావణానికల్లా చెయ్యి. మేమేమో ఏడాది ఆగమన్నాం.

తిట్లయ్యాక విజయ్‌ను వెంటబెట్టుకుని రూతమ్మ ఇంటికి పోయాను. ఊరి చివర, చర్చి పక్కన రేకుల ఇల్లు. గడపలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. ఎడమ చేతికి మా గ్లౌజు. కుడి చేత్తో కాయను నేలకు నొక్కిపట్టి బొటనవేలితో చిట్లిస్తోంది. కాయ జారిపోతే మళ్లీ వెతికి పట్టుకుంటోంది. నెల కిందట ఆ బొటనవేలు ఊరికే వణికేది. ఇప్పుడది వంగుతోంది, నొక్కుతోంది. నేను చదువుకున్న చదువంతా ఎగిరి గంతేసింది. నా ఉద్యోగం మాత్రం తల పట్టుకుంది. రెండూ నేనే కాబట్టి ఏమనాలో తెలియక, ఎందుకిట్లా చేశావని గట్టిగా అడిగాను.

ఆమె తడుముకోలేదు. "వంతు మార్చుకున్నం మేడం. పటేలుకు అక్కర లేదన్నడు, నాకు అక్కరుండె. నీళ్లయితే ఇచ్చుకోమా, గిదీ గంతే గద" అంది.

నాగప్ప కూడా దాచలేదు. రూతమ్మ గోరు తిరిగి వస్తే బాగుపడేది నా చేనే కదా అన్నాడు. తన చేతి గురించి అడిగితే, ఈ వయసులో నాకు చెయ్యెందుకు, చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారన్నాడు. ఆయన భార్య కలిపి ముద్దలు పెడుతోంది, పాలేరు బొత్తాలు పెడుతున్నాడు. సేవ చేసేవాళ్లు ఎక్కువైన ఇంట్లో చెయ్యి ఎప్పటికీ లేవదని ఈ పనిలో నేను ఎన్నోసార్లు చూశాను. చెబితే ఇంటివాళ్లకు కోపం.

తిరుగు బస్సులో కూర్చున్నాక అసలు సంకటం ఎక్కడుందో నాకు బోధపడింది. మా లెక్కలో మనిషి ఏ వైపు లాటరీ పడితే ఆ వైపే ఉంటాడు, తర్వాత ఏం చేసినా సరే. అంటే గ్లౌజు వచ్చిన నాగప్ప చెయ్యి లేవలేదు, గ్లౌజు రాని రూతమ్మ చెయ్యి లేచింది. ఇలాంటి జతలు ఇంకొన్ని తయారైతే గ్లౌజు దండగని తేలుతుంది. గ్లౌజు వల్ల లేచిన చేతులే గ్లౌజుకు ఎదురు సాక్ష్యం చెబుతాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మహిపాల్ సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ పరిశోధనకు పెద్ద ఆయనే. కల్వకుర్తిలో పుట్టి హైదరాబాదులో పేరు తెచ్చుకున్న నరాల డాక్టరు. మామూలుగా పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, కోపం వస్తే కల్వకుర్తి బయటికి వస్తుంది. ఆ రోజు ఫోన్లో మొత్తం కల్వకుర్తే. ముందు రూతమ్మ దగ్గర గ్లౌజు తీసుకోమన్నాడు. ఏడాది అయ్యేదాకా ఆమెకు మామూలు కసరత్తే అన్నాడు. పద్ధతి పద్ధతేనని నాకూ తెలుసు. ఎంత అరిచినా పద్ధతి మీద నమ్మకం ఉన్నదాన్ని. అందుకే మర్నాడే మళ్లీ గట్టుకు పోయాను.

 రూతమ్మ గ్లౌజు ఊడదీసి, దులిపి, మడిచి నా ఒళ్లో పెట్టింది. "గ్లౌజు మీది మేడం, తీస్కపోండ్రి. చెయ్యి నాది" అంది. అప్పుడు ఆ మాటను నేను ఉక్రోషం అనుకున్నాను. మూతి ముడుచుకున్నందుకు జాలి కూడా పడ్డాను. నా జాలి ఆమెకు దేనికీ అక్కరలేదని వారం తిరక్కుండానే తెలిసింది.

ఆరో రోజునే విజయ్ ఫోన్ చేశాడు. రూతమ్మ పాత చీర చించి ఎడమ చేతిని మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా చుట్టేసుకుని, కొంగుకు ముడేసుకుని తిరుగుతోందట. వాడవాళ్లంతా ఆమె మొగుడు యోహాను మీద పడ్డారట. దవాఖాన గ్లౌజు తొడిగినన్నాళ్లు అదేదో మందు అనుకుని ఊరుకున్నవాళ్లు, చీరపేలిక చూసేసరికి, జబ్బు మనిషిని కట్టేసి పని చేయిస్తున్నాడని దుమ్మెత్తి పోస్తున్నారు. యోహాను పూణేలో మట్టిపని చేసేవాడు, భార్య కోసం అన్నీ వదులుకుని ఊళ్లో ఉండిపోయాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి. నేను పోయేసరికి ఇంటి వెనక మేక పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. కట్టు కట్టింది నువ్వేనని ఊరంతా అంటోందంటే, అననీ అన్నాడు. ఈ కాలంలో భార్య మాట కాదనకుండా కట్టిన మొగుడని నాకు ముచ్చటేసింది.

వాకిట్లో నలుగురు ఆడవాళ్లు నిలబడి నా వైపు గుర్రుగా చూస్తున్నారు. నాకెలాగూ గొంతుంది కాబట్టి, ఇది కట్టేయడం కాదు, వైద్యమేనని అరిచి చెప్పాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఏ వైద్యాన్ని ఈమెకు ఇవ్వకూడదని నేను గ్లౌజు పట్టుకుపోయానో, అదే వైద్యమని ఈమె వాకిట్లో నిలబడి సాక్ష్యం చెబుతున్నాను. రూతమ్మ నా మొహం చూసి ఫక్కున నవ్వింది.

ఈసారి మహిపాల్ సార్ ఫోన్‌తో ఊరుకోలేదు. వనపర్తికి స్వయంగా వచ్చాడు. మూడు కేంద్రాలవాళ్లనూ పిలిచి, టీ తాగించి, అందరూ వెళ్లాక నన్ను ఆపాడు. నాగప్పనూ రూతమ్మనూ పరిశోధనలోంచి తప్పిద్దాం అన్నాడు. తమంతట తామే మానుకున్నారని రాసి వేలిముద్ర తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ తర్వాత రూతమ్మ చెయ్యి కట్టుకుంటుందో కాలు కట్టుకుంటుందో మనకనవసరం. చెప్పడానికి చాలా తేలిక మాట.

ఆమెను అడిగాను సార్ అన్నాను. నిజంగానే అడిగాను. గట్టు నుంచి వచ్చే ముందే, ఇట్లా తప్పుకుంటే నీ ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు అని చెప్పి చూశాను. ఆమె ఒప్పుకోలేదు. ఆమె అన్న మాట సార్‌కు అచ్చంగా అప్పజెప్పాను. "నేనెందుకు పోత? రమ్మన్నది మీరు. మీరియ్యకున్నా నేను కట్టుకున్న, చెయ్యి లేస్తుంది. గట్లనే రాసుకోండ్రి. నన్ను తీసేస్తే ఈ చెయ్యి లేసిన సంగతి ఎవలకు తెలుస్తది?"

 ఆ మాటతో సార్‌లోని కల్వకుర్తి బయటికి వచ్చింది. "నేనేమన్న దయలేనోన్నా సుహాసినీ? ఒక్క రూతమ్మను చూసి రేపు మూడూళ్లు కట్టుకుంటయ్. అప్పుడు ఎవల చెయ్యి దేనితోని లేసిందో నువ్వెట్ల చెప్తవ్?"

ఆయన చెప్పింది తప్పు కాదు. అందుకే కష్టం. దుర్మార్గుడైతే నాలుగు దులిపి వచ్చేదాన్ని. ఎవరి చెయ్యి దేనితో లేచిందో తేలకపోతే రేపు ఏ దవాఖానాలోనూ, ఏ ఊళ్లోనూ ఈ గ్లౌజు పెట్టరు. అది నాకూ తెలుసు. కాని రూతమ్మ మానుకోలేదు. మానుకుందని రాస్తే అబద్ధం. మూడూళ్లలో కొలతలు ఒకేలా ఉండాలని అరిచి చచ్చేదాన్ని, నా చేత్తోనే ఒక మనిషి లేదని రాయాలా?

"చెప్పలేం సార్. కని ఆమె పోయిందని రాయను. వంతు మార్చుకున్నరని రాస్త. గ్లౌజు గుంజుకున్నమని రాస్త. గుంజుకున్నా కట్టుకున్నదని రాస్త" అన్నాను.  ఇంకొకటి కూడా చెప్పాను. గ్లౌజు వచ్చినవాళ్లలో ఎంతమంది మనం వెళ్లగానే పీకేస్తున్నారో మనకు తెలియదు, రానివాళ్లలో ఎంతమంది ఇళ్లల్లో కట్టుకుంటున్నారో తెలియదు, అడిగితే తెలుస్తుంది, ఇప్పటిదాకా మనం అడగలేదు అన్నాను. గ్లౌజు పనిచేస్తుందా అని ఒక్కటే అడిగాం, దాన్ని ఎవరు భరిస్తారు, ఎందుకు భరిస్తారు అని అడగలేదు.

అలా రాస్తే గద్వాల కేంద్రం లెక్క మొత్తం పక్కన పెట్టాల్సి రావచ్చని, కేంద్రం మూసేస్తే కోఆర్డినేటర్‌తో కూడా పనుండదని ఆయన చెప్పాడు. బెదిరించినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పాడు. పెబ్బేరు మీదుగా గద్వాలకు పోయే బస్సెక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను చూస్తూ భయపడ్డాను. బాగా భయపడ్డాను. నేనుంటున్న గది, మా అమ్మకు నేను కొట్టిన గొప్పలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. గద్వాలలో దిగి, గదికి కూడా పోకుండా కేంద్రం తెరిచి, జరిగింది జరిగినట్టు రాసి, కింద నా పేరు పూర్తిగా రాసి పంపించాను. తర్వాత హాయిగా నిద్రపట్టింది.

జవాబు రాకముందే శ్రావణం వచ్చింది.

గట్టులో ఆ ఏడు గుంపు కట్టింది భీమమ్మ. గొడ్డలిలాంటి మనిషి. రూతమ్మను చూసి, నువ్వు ఇంట్లో కూర్చో అక్కా, వచ్చే ఏడు చూద్దాం అందట. ఒక్క సాయంత్రం ఒక్క సాలు ఇచ్చి చూడమని రూతమ్మ పట్టుబట్టింది. ఆ సాయంత్రం నేనూ చేని గట్టు మీద ఉన్నాను. ఎడమ చెయ్యి కొంగులో కట్టేసే ఉంది. రెండూ వాడొచ్చు కదా అని భీమమ్మ అంటే, ఎడమది వస్తే కుడిది పండుకుంటది అంది. మొదటి మొగ్గ నలిగిపోయింది. తర్వాతి వాటిలో కాడలు తెగాయి. పక్క సాళ్ల ఆడవాళ్లు ముందుకు పోయి వెనక్కి తిరిగి చూస్తున్నారు. రూతమ్మ చెమటతో ముద్దయిపోయింది, కుడి భుజం అదురుతోంది, పెదవి కొరుక్కుని మొగ్గ మీద మొగ్గ పాడుచేస్తోంది. నాకు లేచి ఆపేయాలనిపించింది. కాసేపటికి ఒక మొగ్గలో రేకులన్నీ ఊడి, నడిమి కాడ నిటారుగా నిలబడింది. ఆమె దాన్ని చూడనైనా చూడకుండా తర్వాతి మొగ్గకు పోయింది. సాలు చివరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. తెగినవి ఎక్కువే, నిలిచినవి తక్కువే. భీమమ్మ వంగి చూసి, పొద్దున అందరికంటే ముందు రావాలె మరి అంది. అంటే గుంపులో చేర్చుకున్నట్టు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగప్ప పటేల్ దూరంగా మోటారు గది ముందు కుర్చీలో కూర్చుని ఇదంతా చూశాడు. పాలేరు చుట్ట వెలిగించి నోట్లో పెట్టబోతే తల పక్కకు తిప్పుకున్నాడు.

ఏడాది మధ్యలో వచ్చే కొలతల రోజు గద్వాల కేంద్రం కిటకిటలాడింది. మహిపాల్ సార్ స్వయంగా వచ్చాడు. కొలిచే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. ఎవరికి గ్లౌజు వచ్చిందో ఎవరికి రాలేదో ఆ అమ్మాయికి తెలియకూడదని నియమం. అందుకని లోపలికి పోయే ముందు కట్టు విప్పి రమ్మని విజయ్ రూతమ్మకు చెప్పాడు. ఆమె విప్పనంది. దాచుకునే పని నేనేం చేయలేదు అంది. విజయ్ నా వైపు చూశాడు, నేను సార్ వైపు చూశాను. సార్ చెయ్యి ఊపాడు, పోనీ అని. ఆమె కట్టుతోనే వెళ్లి, కుడి చేత్తో చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, గ్లాసు ఎత్తి, తాళంచెవి తిప్పి వచ్చింది. ముందున్న దానికీ ఇప్పటికీ పోలికే లేదు. ఆ తర్వాత నాగప్ప వెళ్లాడు. ఆయన చెయ్యి ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని సార్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "దీన్ని ఎట్ల లెక్కగట్టాల్నో నాకు తెల్వదు. కని నువ్వు రాసింది కొట్టేయకు" అని నాతో అన్నాడు. కేంద్రం ఉంటుందో పోతుందో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. 

బయటికి వచ్చేసరికి వరండాలో అందరూ లేచి నిలబడి ఉన్నారు. బెంచీ మీద రూతమ్మ కూర్చుని ఉంది. ఆమె ముందు నాగప్ప పటేల్ నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాల తీసి బెంచీ మీద పెట్టి, బాగున్న ఎడమ చేతిని ఆమె వైపు చాపాడు. గ్లౌజు ఇచ్చిన రోజున దాన్ని ఆమె చేతికి ఇవ్వకుండా చేని గట్టు మీద పెట్టి తీసుకొమ్మన్న మనిషి. ఊళ్లో ఆయన ముందు రూతమ్మ వాడవాళ్లు ఎవరూ కూర్చోరు. ఆ రోజు ఆమె కూర్చునే ఉంది, ఆయన నిలబడి చెయ్యి చాపాడు.

"కట్టు రూతమ్మా" అన్నాడు. మాట మెత్తగానే ఉంది. కాని చిన్నప్పటి నుంచి ఏది అడిగినా ఎవరో ఒకరు చేసిపెట్టిన మనిషి మాట అది.

సార్ మొహం వెలిగింది. నాగప్పకు లాటరీలో గ్లౌజే వచ్చింది కాబట్టి ఆయన కట్టుకుంటే ఏ నియమమూ తప్పదు. కొత్త గ్లౌజు తెమ్మని సార్ విజయ్‌ను కేకేశాడు. నేనే తొడుగుతాను పటేలా అని ముందుకు వచ్చాడు. నేనూ ఒక అడుగు వేశాను.

రూతమ్మ తన కుడి చెయ్యి పైకెత్తి మా ఇద్దరినీ ఆపింది. వేళ్లు ఇంకా పూర్తిగా చాచుకోలేదు, కాని ఆపడానికి అవి చాలు.

"ఎవ్వలు తొడగొద్దు" అంది. తర్వాత నాగప్ప వైపు తిరిగింది. "నేను కట్ట పటేలా. నాకెవలు కట్టిండ్రనుకున్నవ్? మావోడు నా చేత కాదని ఏడ్చిండు. గీ పడిపోయిన చేత్తోని నేనే కట్టుకున్న. నీ చేత్తోని నువ్వే కట్టుకో."

యోహాను గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. ఊరు వేసిన నింద ఇన్నాళ్లూ మోసిన మనిషి, నేను మెచ్చుకున్న మెప్పును కూడా మాట్లాడకుండా మోశాడు. నాకు సిగ్గేసింది, ఆ ఇద్దరినీ చూసి గర్వంగానూ ఉంది. విజయ్ గ్లౌజు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయాడు.

నాగప్ప మొహం కందగడ్డ అయింది. ఆయన పాలేరు, ఆయన భార్య ఇద్దరూ ముందుకు కదిలారు. ఆయన వాళ్లను చూశాడు, రూతమ్మను చూశాడు. వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన బెంచీ మీద, రూతమ్మ పక్కన కూర్చున్నాడు. తువ్వాలను ఒళ్లోకి లాక్కుని, ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టి, కుడి చేతి వేళ్లతో దాని అంచు పట్టుకోబోయాడు. జారిపోయింది. మళ్లీ పట్టుకోబోయాడు. అంచు వేళ్ల సందున ఇరుక్కుని, సగం దూరం వచ్చి, మళ్లీ జారింది. "సాకు" అనలేదు. వంగి, మీసాలు తువ్వాలకు తగిలేలా వంగి, ఒక కొసను పళ్లతో అందుకున్నాడు.

వరండాలో అందరమూ చూస్తూ ఉన్నాం. సాయానికి ఎవరమూ ముందుకు పోలేదు.